పిడికెడు అలసట

రూతు తల మీద దీపం పసుపు రంగుకి తిరిగింది. తిరగ్గానే ఆమె ముందున్న బెల్టు ఆగిపోయింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళ ముందు రొయ్యలు ఐసు నీళ్ళతో సహా జలజలా జారిపోతూనే ఉన్నాయి. ఆమె ముందు మాత్రం, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఒక్కటీ రాలేదు.

"పోవే, పో. మహారాణీగారికి అలుపొచ్చింది," అంది పక్కనున్న మంగాయమ్మ, చేతిలో రొయ్యకి నరం తీస్తూనే.

"నాకేం అలుపు రాలేదు పిన్నీ."

"నీకు రాలేదు. నీ చేతికొచ్చిందంట. దానికి కాస్త టీ పట్టించి తీసుకురా."

రూతు గ్లవ్సులు విప్పి, బూట్లు ఈడ్చుకుంటూ వెచ్చగదికి వెళ్ళింది. అక్కడ గోడల్లోంచి చలికాలం ఎండలాంటి వేడి వస్తుంది. బల్ల మీద అల్లం టీ ఉంటుంది. గ్లాసు పట్టుకున్నాక గాని తెలియలేదు ఆమెకి, వేళ్ళు వణుకుతున్నాయని. కుర్చీలో కూలబడ్డాక గాని తెలియలేదు, మోకాళ్ళు ఎప్పట్నుంచో కూర్చోమని బతిమాలుతున్నాయని. దీపం అబద్ధం చెప్పలేదు. అదే ఆమెకి కాస్త భయంగా అనిపించింది. తన ఒంట్లో సంగతి తనకన్నా ముందు ఇంకొకరికి తెలియడమేమిటి?

అప్పటికి సముద్రం నరసాపురం అవతల రెండు ఊళ్ళని మింగి, మూడో ఊరి గుమ్మంలో కూర్చుని ఉంది. ఉప్పెక్కిన వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. చెరువులకి మేత చల్లేవి డ్రోన్లు. నీళ్ళు పరీక్ష చేసేవి తేలే యంత్రాలు. రొయ్యని ఒలిచే యంత్రం కూడా వచ్చి చాలాకాలమైంది. కానీ అన్నిటికీ యంత్రాలు వచ్చేశాక లోకానికి ఓ కొత్త పిచ్చి పట్టుకుంది, మనిషి చేత్తో చేసినదైతే దాని రుచే వేరని. "చేత్తో ఒలిచినది" అని ముద్ర వేస్తే చాలు, పైదేశాల్లో ఆ రొయ్యకి ఎక్కడలేని గిరాకీ. అందుకని పెదపాయలోని ఈ రొయ్యల ఫ్యాక్టరీలో యంత్రం మీద టార్పాలిన్ కప్పేసి, మళ్ళీ ఆడవాళ్ళని బల్లల ముందు నిలబెట్టారు.

నిలబెట్టారంటే నిజంగా నిలబెట్టారనే. తెల్ల గౌను, తల మీద టోపీ, మూతికి మాస్కు, మోకాళ్ళ దాకా బూట్లు. అవన్నీ తగిలించుకుని లోపలికి వెళితే ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి పని. తాతల కాలం నుంచీ ఆ షెడ్డులో మారనిది ఆ చలి ఒక్కటే. దాని సంగతి చూడ్డానికే డాక్టర్ సువర్చల వచ్చింది.

సువర్చల మందులిచ్చే డాక్టరు కాదు, ఇండస్ట్రియల్ సైకాలజిస్టు. పనిచేసే మనిషి మనసూ ఒళ్ళూ ఎక్కడ అరిగిపోతున్నాయో కనిపెట్టే చదువు ఆమెది. ఆమె తయారుచేసినదే సేద పట్టీ. చేతికి కట్టుకునే నల్లటి పట్టీ, గాజుల జత కన్నా బరువుండదు. అలసిపోయినప్పుడు "అబ్బా" అని నోరు అనేది అన్నిటికన్నా చివర్న. అంతకు చాలా ముందే వేళ్ళ చివర్లు సన్నగా వణకడం మొదలుపెడతాయి. ఒక రొయ్యకీ మరో రొయ్యకీ మధ్య చెయ్యి ఆగే క్షణం వెంట్రుకవాసి పెరుగుతుంది. నాడి తాళం తప్పుతుంది. కంటికి ఆనని ఈ మార్పుల్ని పట్టీ పట్టుకుని, తన వెనక రాసిన పేరుగల బల్ల మీది దీపానికి చేరవేస్తుంది. ఆకుపచ్చ అయితే మనిషి కులాసా. పసుపైతే బెల్టు ఆగుతుంది, మనిషి వెచ్చగదికి వెళ్ళి తీరాలి. ఎరుపైతే సైరన్ మోగుతుంది, నర్సు పరిగెత్తుకొస్తుంది. విశ్రాంతి తీసుకున్నందుకు జీతంలో కోత ఉండకూడదన్న షరతు మీదే సువర్చల ఈ ఫ్యాక్టరీకి రావడానికి ఒప్పుకుంది.

పట్టీకి ఒకటే చిక్కు. దాని కొక్కెం రెండు చేతులతో నొక్కితే గాని పడదు. ఎవరిది వాళ్ళు పెట్టుకోలేరు. అంచేత పొద్దున్నే గేటు దగ్గర పళ్ళెంలోంచి పట్టీలు తీసుకుని ఆడవాళ్ళు ఒకళ్ళ చేతికి ఒకళ్ళు కట్టుకునేవారు, పేరంటంలో గాజులు తొడిగినట్టు. కొక్కెం మార్పిద్దామని మేనేజర్ సుబ్బరాజు అంటే, సువర్చలే వద్దంది. చూడ్డానికి ముచ్చటగా ఉందట.

మొదటివారంలోనే ఆమె అందర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మాట్లాడింది.

"నూరేళ్ళ పైమాట. ఫ్యాక్టరీల్లోకి మొదట స్టాప్‌వాచ్ పట్టుకున్న మనుషులు వచ్చారు. చెయ్యి ఎంత దూరం కదులుతోంది, ఎంతసేపు పడుతోంది అని కొలిచారు. ఎక్కువ పని రాబట్టడానికి. తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. ఫిరంగి గుండ్లు తయారుచేసే చోట ఆడవాళ్ళు తెరిపి లేకుండా పనిచేసి సొమ్మసిల్లి పడిపోతుంటే, పనిగంటలు తగ్గించి చూశారు. గంటలు తగ్గినా గుండ్లు తగ్గలేదు. అలసట అంటే సోమరితనం కాదని అప్పుడు తెలిసింది వాళ్ళకి."

"అది తెలియడానికి యుద్ధం కావలసొచ్చిందాండీ," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

సువర్చల కూడా నవ్వింది. "ఆ తర్వాత ఇంకో ఫ్యాక్టరీలో దీపాల వెలుతురు పెంచి చూశారు. పని పెరిగింది. సరే అని తగ్గించి చూశారు. అప్పుడూ పెరిగింది. తలలు పట్టుకున్నారు. చివరికి కొందరు తేల్చిందేమిటంటే, అక్కడి ఆడవాళ్ళ దగ్గరికి జీవితంలో మొదటిసారి ఒకరు వచ్చి, పక్కన కూర్చుని, ఎలా ఉన్నావమ్మా అని అడిగారు. వెలుతురు కాదు, ఆ అడగడమే పనిచేసిందని."

"మరైతే అడిగితే సరిపోద్ది కదండీ. ఈ పట్టీ దేనికి?" అంది రూతు. ఆమెది ఊరుకునే నోరు కాదు.

సువర్చల ఆమె వంక చూసింది. "అడిగితే నువ్వు నిజం చెబుతావా?"

రూతు తన చేతి పట్టీ వంక చూసుకుంది.

"మా అమ్మ గుంటూరులో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. ఎప్పుడడిగినా బాగానే ఉన్నానే అనేది. బాగానే ఉన్నానంటూనే పోయింది. అందుకే అడగక్కర్లేని యంత్రం చేశాను. మీరు నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదు. ఎవరి దయా అక్కర్లేదు."

ఆమె గొంతులో కల్లాకపటం లేదు. అది అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా మంగాయమ్మ లేచి, "మంచిమాటేనండి. కానీ ఆ గడియారం పట్టుకొచ్చినాయన కూడా మీ మంచికేనమ్మా అనే చెప్పుంటాడు కదండీ," అని మళ్ళీ కూర్చుంది.

మంగాయమ్మ ఊరికే అనలేదు. షెడ్డులో అందరికన్నా పెద్దది ఆవిడే. కొన్నేళ్ళ కిందట కంపెనీవాళ్ళు హెల్త్ క్యాంపు పెట్టారు. బీపీ చూశారు, బరువు తూచారు, అరటిపళ్ళు పంచారు. మరుసటి సీజన్‌కి బీపీ ఉన్న ఆడమనిషికి ఒక్కదానికీ పిలుపు రాలేదు. అంతకుముందు కళ్ళ పరీక్ష అన్నప్పుడూ అంతే. "మనల్ని కొలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంటికి పోయారు," అంది ఆవిడ చేతులు కడుక్కునే చోట. "ఆ పసుపు దీపం ఊరికే వెలగదర్రా. ఎక్కడో పేరుకుంటా ఉంటాది."

ఆ మాటకి అందరికన్నా ఎక్కువ బెదిరిపోయింది ధనకొండ.

ధనకొండది రూతు పక్క బల్ల. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. మెట్లెక్కితే ఆయాసం. ఆ సంగతి షెడ్డులో ఆడవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె మొగుడికి మూత్రపిండాలు పోయి, వారం వారం డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఆమె పేరు ఫ్యాక్టరీ మస్టర్ రోల్లో ఉన్నంతకాలం కంపెనీ బీమా కింద అతనికి ఆసుపత్రిలో మంచం ఉంటుంది. పేరు పోయిందా, మంచం పోతుంది. అంతే లెక్క. రూతు చేరిన కొత్తలో, వేలు తెగకుండా పెంకు ఊడదీయడం నేర్పింది ధనకొండే. తెగినప్పుడల్లా పసుపు పెట్టి కట్టిందీ ఆమే. రూతు ఆమెని వొదినా అని పిలిచేది.

దీపాలు వచ్చిన కొద్దిరోజులకే తేలిపోయింది. ధనకొండ నెత్తి మీద దీపం గంట గంటకీ పసుపు తిరుగుతోంది. వెచ్చగదికి వెళ్ళి టీ తాగేటప్పుడు ఆమె మొహంలో సుఖం లేదు. పరీక్ష తప్పిన పిల్లలా తల దించుకుని కూర్చునేది.

"దాని పేరు మీద పసుపు పేరుకుంటోందే పిల్లా," అంది మంగాయమ్మ.

ఆ షెడ్డులో పట్టీలు రాకముందు నుంచీ ఒక మర్యాద ఉంది. జ్వరంతోనో కడుపునొప్పితోనో ఎవరైనా వెనకబడితే, పక్కవాళ్ళు తాము ఒలిచినదాంట్లోంచి పిడికెడు తీసి ఆమె టబ్బులో పడేసేవారు. అడగడం ఉండదు. మెచ్చుకోవడం ఉండదు. అవతలామె తల కూడా ఎత్తదు. రేపు ఎవరు ఎవరికి వెయ్యాలో ఎవరికి తెలుసు?

"పిడికెడు వేద్దాం పిన్నీ," అంది రూతు. "ఈసారి రొయ్యలు కాదు."

మర్నాడు గేటు దగ్గర రూతు తన పేరున్న పట్టీని ధనకొండ చేతికి కట్టింది. ధనకొండ పేరున్నది తన చేతికి కట్టించుకుంది. బల్లలు కూడా మార్చుకున్నారు. టోపీలూ మాస్కులూ ఉండగా ఎవరు చూడొచ్చారు? ఇప్పుడు ధనకొండకి అలుపొస్తే రూతు పేరుతో పసుపు వెలుగుతుంది. ధనకొండ వెళ్ళి టీ తాగుతుంది. ధనకొండ పేరు మీద మాత్రం రూతు వయసు ఆకుపచ్చగా మెరుస్తుంటుంది.

"నీ పేరు చెడిపోద్దే," అంది ధనకొండ.

"చెడనీ. నన్ను తీసేస్తే భీమవరం పోయి ఇంకో షెడ్డులో నిలబడతా. నిన్ను తీసేస్తే మా అన్నయ్యని ఏ మంచం మీద పడుకోబెడతావు?"

ధనకొండ తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే అక్కడి మర్యాద.

ఒకళ్ళు మొదలెడితే మిగతావాళ్ళు ఊరుకుంటారా? కడుపుతో ఉన్న పిల్ల తన పట్టీని ఆడబిడ్డకి కట్టింది. నడుంనొప్పి మనిషి తన పట్టీని చెల్లెలికి కట్టింది. వారాలు గడిచేసరికి ఆ షెడ్డులో ఎవరి అలసట ఎవరి పేరు మీద వెలుగుతోందో దేవుడికే తెలియాలి.

అయినా పని పెరిగింది. టీ వేడిగా ఉంది, విశ్రాంతి నిజమైనది, పెరగక ఏం చేస్తుంది? టైలు కట్టుకున్న పెద్దమనుషులు వచ్చి గాజుగోడ అవతల నిలబడి చూసి వెళ్ళారు. ఇంకా ఎన్నో ఫ్యాక్టరీలు పట్టీ కావాలన్నాయి. మొదట్లో సువర్చల రోజూ బల్లల మధ్య తిరిగేది. పేరు పేరునా పలకరించేది. రానురాను గది విడిచి రావడం తగ్గింది. తెర మీద అందరూ రంగు రంగులుగా కనిపిస్తుంటే, అంత చలిలోకి రావలసిన అవసరమేముంది?

నెల తిరిగాక ఒకరోజు మళ్ళీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. సుబ్బరాజు కూడా వచ్చాడు. "పట్టీ చెప్పినదాన్ని బట్టి ఎవరి ఒంటికి తగ్గ పని వాళ్ళకి ఇవ్వబోతున్నామండీ," అన్నాడు. మంగాయమ్మ బల్ల కింద రూతు చెయ్యి పట్టుకుంది. వచ్చేసిందన్నమాట.

మొదటి పేరు రూతుదే చదివాడు. రూతు లేచి నిలబడింది. మనసులో అప్పటికే భీమవరం బస్సెక్కేసింది.

"వచ్చేవారం నుంచి లేబుల్ సెక్షన్. వెచ్చగది పక్కనే. కూర్చుని చేసే పని. జీతం ఇదే."

మంగాయమ్మ రూతు చెయ్యి వదిలి అడిగింది. "అంటే, పసుపు దీపంవాళ్ళని తియ్యరాండీ?"

"తియ్యడమేమిటి?" అంది సువర్చల. ఆమె మనసు నిజంగానే నొచ్చుకుంది. "ఎవరికి కష్టంగా ఉందో వాళ్ళకి తేలిక పని ఇవ్వడానికి కదా నేను వచ్చింది. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానుగా."

చెబుతూనే ఉంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. నమ్మడం వీళ్ళకి చేతకాలేదు. ఇన్నేళ్ళుగా కొలిచి కొలిచి, నమ్మే చోటు అరగదీసి పెట్టారు ముందువాళ్ళు. ఆ పాపం సువర్చలది కాదు, కానీ అది వచ్చి తగిలింది ఆమె హయాంలో.

సుబ్బరాజు రెండో పేరు చదివాడు. "ధనకొండ. షెడ్డు మొత్తానికి గట్టి చేతులండీ ఈవిడవి. బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మనిషి కావాలి. రేపట్నుంచి అక్కడికి." అని చప్పట్లు కొట్టాడు. చప్పట్లు అతనివే వినిపించాయి.

బ్లాస్ట్ ఫ్రీజర్ అంటే రొయ్యని క్షణాల్లో రాయిగా మార్చే గది. లోపల గాలి కత్తిలా కోస్తుంది. దిట్టమైన మొగాళ్ళు కూడా మందపాటి కోట్లు వేసుకుని, కాసేపు వెళ్ళి, కాసేపు బయటికొచ్చి పనిచేస్తారు.

సాయంత్రం రూతు ధనకొండని వెంటబెట్టుకుని సువర్చల గదికి వెళ్ళింది.

"నేను చెయ్యలేనండి మేడమ్‌గారూ," అంది ధనకొండ. "ఆయాసం వస్తాదండి నాకు."

సువర్చల విసుక్కోలేదు. తెర ఆమె వైపు తిప్పింది. "ఇది నువ్వే. చూడు, నెలంతా ఆకుపచ్చ. నీ వేళ్ళు వణకవు, నీ నాడి తప్పదు. కొత్త చోటంటే భయం అంతే. భయానికి కూడా ఆయాసంగానే అనిపిస్తుంది. నీకు నీ సంగతి తెలియదు ధనకొండా, నీ చేతులకి తెలుసు."

రూతు నోరు తెరిచింది. ధనకొండ ఆమె మోచెయ్యి గిల్లింది.

బయటికొచ్చాక రూతు ఆగలేదు. "చెప్పేద్దాం వొదినా. ఆవిడ మంచిదే."

"ఆవిడ మంచిదేలే. సుబ్బరాజుగారు మంచోడా? చెబితే నువ్వూ నేనే కాదే, షెడ్డు షెడ్డంతా రోడ్డు మీదకే. అందరూ మార్చుకున్నోళ్ళేగా. మీ అన్నయ్యకి ఈ వారంలోనే మళ్ళీ డయాలసిస్ చేయించాలి. నువ్వు ఆ లేబుళ్ళ గదికి పోయాక, ఆవిడ ఒక్కర్తే ఉన్నప్పుడు మెల్లగా చెప్పుకుందాం. అందాకా నెట్టుకొస్తా."

తెల్లారి గేటు దగ్గర రూతు ధనకొండ పేరున్న పట్టీ తీసింది. "ఇవాళన్నా నీది నువ్వే కట్టుకో. పసుపొస్తే వాళ్ళే బయటికి పంపేస్తారు."

"నెలంతా పచ్చగా ఉన్న చెయ్యి రాత్రికి రాత్రి పసుపెలా అయిందని అడగరా? దొంగతనం బయటపడద్ది. నీదే కట్టు," అని ధనకొండ చెయ్యి చాపింది. ఆ చెయ్యి అప్పటికే చల్లగా ఉంది. రూతు కట్టింది. కొక్కెం టక్కుమని పడింది.

బల్లలు మార్చుకునే పని ఇక లేదు. చాలారోజుల తర్వాత రూతు తన పేరున్న దీపం కింద తనే నిలబడింది.

ఎండ ఎక్కుతుండగా ఆ దీపం పసుపు తిరిగింది. బెల్టు ఆగింది.

ఒంట్లో సత్తువ ఉంది. వేళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఆగిన బెల్టు ముందు చేతులు వేలాడేసుకుని నిలబడింది రూతు. "వెళ్ళమ్మా, రూలు రూలే," అన్నాడు సూపర్‌వైజర్. వెళ్ళింది. వెచ్చగదిలో కూర్చుంది. అల్లం టీ చేతికొచ్చింది. అక్కడ ఆ గడ్డకట్టే గదిలో ధనకొండకి వచ్చిన అలసటకి ఇక్కడ తను టీ తాగుతోంది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. సువర్చల గది రెండు గుమ్మాల అవతలే. లేవాలనుకుంది. లేవబోతే ధనకొండ మొగుడి మంచం కళ్ళముందు ఆడింది. కడుపుతో ఉన్న పిల్ల కనిపించింది, మంగాయమ్మ కనిపించింది. భోజనాలకి ఎలాగూ బయటికొస్తుందిగా, అప్పుడు చూద్దాం అనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకి ఒక సాకు కూడా దొరికింది. తిరిగి వచ్చేసరికి దీపం మళ్ళీ ఆకుపచ్చగా ఉంది. చూశావా, కుదురుకుంది అని తనకి తనే చెప్పుకుంది.

ఓ టబ్బు నిండేలోపు దీపం ఎర్రగా మారింది. సైరన్ మోగింది.

షెడ్డంతా పని ఆపి రూతు వంక చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. వెనకే సువర్చల, మాస్కు కూడా లేకుండా. ఇద్దరూ కలిసి రూతుని రెక్కలు పట్టుకుని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"నేను కాదండి. నాకేం కాలేదు. ఫ్రీజర్‌లో ధనకొండ..."

"మాట్లాడకు రూతూ. గట్టిగా ఊపిరి తీసుకో," సువర్చల ఆమె నుదురు మీద చెయ్యి వేసింది. "నీకు తెలియడం లేదు. గుండె చాలా బలహీనంగా కొట్టుకుంటోంది."

"నాది కాదండి ఆ గుండె."

"ఇలాంటప్పుడు ఇలాగే అంటారు," అంది సువర్చల నర్సుతో, ఆక్సిజన్ అందుకుంటూ.

మంగాయమ్మ బల్లలు తోసుకుంటూ వచ్చింది. రూతు చెయ్యి లాగి, రెండు చేతులా కొక్కెం నొక్కి పట్టీ ఊడదీసింది. వెనక ఉన్న పేరు సువర్చల మొహం ముందు పెట్టింది. "చదవండి. ఇది ధనకొండది. రూతుది దాని చేతికుంది. ఆ ఎర్రదీపం మనిషి ఫ్రీజర్‌లో ఉందండి."

సువర్చల చదివింది. చదివి, అలవాటు కొద్దీ చేతిలో తెర చూసుకుంది. పట్టీ ఊడినా ధనకొండ పేరు ఎదురుగా ఇంకా ఆకుపచ్చే.

"ధనకొండ బాగానే ఉందిగా," అంది.

అప్పటికే మంగాయమ్మ పరిగెడుతోంది. ఫ్రీజర్ బయట ఉన్న కుర్రాడు తలుపు మీది తెరలో ఆకుపచ్చ చూసి నిశ్చింతగా ట్రేలు సర్దుకుంటున్నాడు. లోపలి మనిషి ఎలా ఉందో తెలుసుకోవడానికి తలుపు తెరవాల్సిన పనిలేని రోజులవి. మంగాయమ్మ అతన్ని పక్కకి నెట్టి తలుపు పిడి లాగింది. రొయ్యల ట్రేల వరస వెనక, గోడకి జేరబడి, నిద్రపోతున్నదానిలా కూర్చుని ఉంది ధనకొండ. ఇనుప పిడిని పట్టుకున్న కుడిచెయ్యి దానికే అతుక్కుపోయి ఉంది.

ధనకొండ బతికింది. కుడిచేతి వేళ్ళు సగానికి పోయాయి. గుండె ఇక మంచం దిగనివ్వదన్నారు. ఆసుపత్రిలో మొగుడి పక్క మంచమే ఇచ్చారు ఆమెకి. రూతు చూడ్డానికి వెళ్ళి, కాళ్ళ దగ్గర కూర్చుని తల దించుకుంటే, ధనకొండే అంది. "ఇంక ఒలిచే బాధ లేదులేవే నాకు. తినాలనిపిస్తే మాత్రం నువ్వే ఒలిచి పెట్టాలి." ఆనక, "తల ఎత్తు," అంది. రూతు ఎత్తలేకపోయింది.

సువర్చల కంపెనీ పెద్దల ముందు దాచలేదు. ఆ నెల లెక్కల్లో ఒక్కటీ నమ్మదగ్గది కాదంది. మనిషి ఎదురుగా వచ్చి చెయ్యలేనని చెబితే తను తెర చూసిందని, ఆ తప్పు పట్టీది కాదు, ఆడవాళ్ళది కాదు, తనదని చెప్పింది. ధనకొండ పేరు రోల్లోంచి తియ్యకూడదని పట్టుబట్టింది. ఎవర్నీ పనిలోంచి తియ్యకూడదంది. పెద్దలు శ్రద్ధగా విన్నారు. ఆమె అడిగినవన్నీ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, తమకి అర్థమైన పాఠం ఒకటి తాము నేర్చుకున్నారు. కొక్కెం మార్చేశారు.

ఇప్పుడు గేటు దగ్గర గోడలో ఒక రంధ్రం ఉంటుంది. చెయ్యి లోపల పెడితే అదే పట్టీ బిగిస్తుంది. సాయంత్రం మళ్ళీ అదే విప్పుతుంది. ఎవరిది వాళ్ళకే. ఆడవాళ్ళు వరసలో నిలబడి ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి తీస్తారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోవలసిన అవసరం లేదు కాబట్టి, పొద్దున్నే ఆ గేటు దగ్గర పెద్దగా మాటలు కూడా వినిపించవు. ఇప్పుడు దీపాలన్నీ నిజమే చెబుతున్నాయి. పని మాత్రం మునుపటంత లేదని సుబ్బరాజు అంటున్నాడు. ఎందుకో ఎవరికీ అంతుబట్టడం లేదు. పక్కదాని టబ్బులో పిడికెడు వెయ్యడం ఎప్పుడు మానేశారో వాళ్ళకే గుర్తులేదు.

రూతుని లేబుల్ సెక్షన్‌లోనే ఉంచారు. ఆమె వద్దంది గాని, ఒకసారి వచ్చిన ఆర్డరు వెనక్కి పోలేదు. చెయ్యి చాపితే వెచ్చగది. కూర్చునే పని. ధనకొండ ఒళ్ళు సంపాదించుకున్న కుర్చీ అది. ప్రతి డబ్బా మీదా "చేత్తో ఒలిచినది" అన్న ముద్ర సరిగ్గా పడిందా లేదా చూడాలి.

ఒకరోజు సువర్చల వచ్చింది. ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోతోందని అప్పటికే అందరికీ తెలుసు. చేతిలో తెర లేదు. రూతు పక్కన ఖాళీ స్టూలు లాక్కుని కూర్చుంది. గోడ మీద రూతు పేరున్న దీపం వైపు వీపు పెట్టి, అది కనపడకుండా కూర్చుంది కావాలనే.

"ఎలా ఉన్నావమ్మా?" అని అడిగింది.

చాలా నెమ్మదిగా అడిగింది. అడిగి, మొహంలోకి చూస్తూ ఆగింది. జవాబు వచ్చేదాకా కూర్చునే మనిషిలా ఆగింది. రూతు గొంతులోకి చాలా మాటలు వచ్చాయి. నిద్ర పట్టడం లేదని చెప్పాలనుకుంది. టీ తాగలేకపోతున్నానని, గ్లాసు పట్టుకుంటే కొక్కెం పడిన చప్పుడు వినిపిస్తోందని చెప్పాలనుకుంది. ఇన్నాళ్ళకి చెప్పుకోవడానికి ఒక మనిషి ఎదురుగా కూర్చుంది.

"బాగానే ఉన్నానండి," అంది.

సువర్చల కళ్ళు మూసుకుంది. ఆమె వెనక దీపం పసుపు తిరిగింది. డబ్బాలు మోసుకొస్తున్న బెల్టు, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఆగిపోయింది.